వార్తికకారుని చూపు

గ్రంథకర్తకుఁ దన గ్రంథమునందలి కొఱఁత కనఁబడకుండుటకుఁ బ్రజ్ఞాలోపమే కారణమని తలఁచుట యుక్తము కాదు. వెనుకటి సూత్రములోని పదము తరువాతి సూత్రమునకు ననువర్తించునట్లు, ఆతని మనసులోని యర్థము ప్రతివాక్యమునకు ననువర్తించుచుండును. వ్రాయని మాటయు వ్రాసినట్లే తోఁచును. చదువరికి నట్టి యనువృత్తి లేదు. కాగితముపై నున్నదే యాతనికి దొరకును.

దీనికి మన శాస్త్రమునఁ గాత్యాయనుని వార్తికములకంటె మంచి యుదాహరణము లేదు. చెప్పినదానిని, చెప్పనిదానిని, చెడఁజెప్పినదానిని విచారించుట వార్తికలక్షణమని పూర్వులు నిర్వచించిరి. పాణిని సింధునదీప్రాంతమందలి శలాతురమువాఁడు. కాత్యాయనుని ప్రయోగ మొకదానిని జూపి పతంజలి దాక్షిణాత్యులకుఁ దద్ధితములు ప్రియములని చమత్కరించెను గనుక, వార్తికకారుఁడు దక్షిణదేశీయుఁడని సంప్రదాయము. వేఱు దేశము, వేఱు కాలము, వేఱు చెవి. సుమారు 4,000 సూత్రములలో 1,200కుఁ బైఁబడినవానిని ఆతఁడు పరీక్షించెను.

అక్షౌహిణీశబ్దమును జూడుఁడు. భారతయుద్ధమున సేన 18 అక్షౌహిణులని బడిపిల్లలును జెప్పుదురు. అక్ష, ఊహినీ శబ్దములకు సంధి చేసినచో గుణసూత్రముచే (6-1-87) నోకారము రావలెను. లోకమున వినఁబడునది యౌకారము. వృద్ధిని విధించు 6-1-89 సూత్రమున నీ శబ్దము లేదు. కాత్యాయనుఁడు చేర్చెను. పాణినినాఁ డీ రూపము వాడుకలో లేదేమో యని కొందఱు సమాధానము చెప్పవచ్చును. అట్లైనను, ఆ చెవికి వినరానిది మఱియొక చెవికి వినవచ్చె ననుటయే కదా!

విమర్శకుఁడు చెప్పినదెల్ల గ్రాహ్యమని కాదు. రేఫషకారములకుఁ బరమైన నకారమునకు ణత్వమును 8-4-1 సూత్రము విధించినది. "మాతౄణామ్" మొదలగు రూపములకై ఋవర్ణమునుఁ జేర్పవలెనని వార్తికకారుఁడు కోరెను. పతంజలి యా కోరికను ద్రోసిపుచ్చలేదు, ఊరక తలయూఁపనులేదు. ఋవర్ణమున రేఫధ్వని యిమిడి యున్నదనెను. మఱియు ణత్వనిషేధమునకై చెప్పిన క్షుభ్నాదిగణమున నృనమనశబ్దమును బఠించుటచేతనే, ఋవర్ణము పిమ్మట ణత్వము సూత్రకారునకు సమ్మతమని తెలియుచున్నదనెను. వార్తిక మనావశ్యకమయ్యెనే కాని వ్యర్థము కాలేదు. ఆ ప్రశ్న పుట్టకున్నచో సూత్రమునకుఁ గల యీ బలము మఱుఁగుననే యుండెడిది.

ఇన్ని యాక్షేపములు చేసినవాఁడే కడపటి సూత్రమును విచారించుచుఁ బాణినిని భగవంతుఁడని పేర్కొనెను. తప్పు చూపువాఁడు ద్వేషియే యని తలఁచు మన పండితులు దీనిని గమనింపరు.

తెనుఁగునను నిట్టిది కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడెను. దానికిఁ బూరకముగా బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లోఁ బ్రకటించిన ప్రౌఢవ్యాకరణమునకుఁ ద్రిలింగలక్షణశేషమని నామాంతరము. శేషమను పేరులోనే వినయమును గలదు, విమర్శయుఁ గలదు. దానిని జూచుటకు సూరి జీవించి యుండలేదు.

మనమో, పుస్తకమునకు ముందు "అభిప్రాయము"లని స్తుతులను నాలుగు పుటలు ముద్రించుకొని తృప్తిపడుచున్నాము. అవి యచ్చునకు ముందే రావలసినవి. స్తుతికై కాదు, సందేహములకై. తీరప్రాంతమున వ్రాసిన బాలవాచకము నొక రాయలసీమ బడిపంతులు చిత్తుప్రతిగా నున్నప్పుడే చదివినచో, నుదాహరణములలోఁ దన పిల్లలకుఁ దెలియని పదములను ఒక్క పూఁటలో గుర్తు పెట్టి పంపఁగలఁడు.