నిర్మాణ స్థలంలో ధీమా తెచ్చే చేటు

నిర్మాణ పనుల్లో జరిగే ప్రమాదాలకు పనివారి అజ్ఞానమే కారణమన్న అభిప్రాయం బలంగా ఉన్నప్పటికీ, ఏళ్ల తరబడి పరంజా మీద నిలబడి పనిచేసిన తాపీ మేస్త్రికి జారితే ఏమవుతుందో తెలియకపోవడమంటూ ఉండదు. బెల్టు లేకుండా నిన్న ఎక్కి క్షేమంగా దిగినందువల్ల నేడూ అలాగే దిగవచ్చునన్న ధీమా అతనిలో పాతుకుపోతుంది. ప్రమాదం జరగని ప్రతి రోజూ దానికి సాక్ష్యంగా చేరుతుంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్, 1986 నాటి చాలెంజర్ వ్యోమనౌక దుర్ఘటనకు దారితీసిన నిర్ణయాలను పరిశీలించి 1996లో వెలువరించిన గ్రంథంలో, చిన్న చిన్న ఉల్లంఘనలు హాని చేయనంతకాలం సంస్థ దృష్టిలో అవే మామూలు పద్ధతిగా మారిపోతాయని వివరించారు.

ఈ ధీమా కూలీలకన్నా వారిపై అధికారం ఉన్నవారిలోనే ఎక్కువ చేటు చేస్తుందనడానికి కెనడాలోని క్విబెక్ వంతెన ఉదంతం చాలు. సెయింట్ లారెన్స్ నదిపై కట్టిన ఆ ఉక్కు వంతెనలో ప్రధాన స్తంభాల మధ్య దూరాన్ని 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచినప్పుడు, పెరిగిన బరువును సకాలంలో తిరిగి లెక్కకట్టలేదు. లోపం బయటపడేనాటికి పని చాలా ముందుకు సాగిపోయినందున, సలహా ఇంజనీరు థియొడోర్ కూపర్ ఆ అదనపు ఒత్తిడిని భరించదగినదిగానే పరిగణించారు. అప్పటికే వంతెనల నిర్మాణంలో పేరెన్నికగన్న ఆయన, తన నిర్ణయాలను వేరొకరు పరిశీలించడానికి ఇష్టపడకపోగా, అనారోగ్యం వల్ల న్యూయార్క్ నుంచే పర్యవేక్షించారు. 1907 ఆగస్టులో కింది దూలాలు వంగుతున్నట్లు కొలతల్లో తేలినా, అవి బిగించకముందే వంగి ఉన్నాయన్న వాదనతో పని సాగిపోయింది. వంపు రెండు అంగుళాలు దాటాక, ఇక బరువు పెంచవద్దని కూపర్ ఇచ్చిన తంతి వంతెన దగ్గరకు గాక పెన్సిల్వేనియాలోని నిర్మాణ సంస్థ కార్యాలయానికి వెళ్లింది. ఆగస్టు 29 సాయంత్రం, పని ముగిసే వేళకు వంతెన దక్షిణ భాగం కూలి, దానిపై ఉన్న 86 మందిలో 75 మంది మరణించారు. వారిలో 33 మంది కానవాగేకు చెందిన మొహాక్ తెగ పనివారు. కొలబద్ద చూపిన వంపుకన్నా పెద్దమనిషి ప్రతిష్ఠే అక్కడ గట్టి ఆధారంగా చెల్లింది.

తెలుగునాట మూడంతస్తుల ఇంటి దగ్గర ఇదే ధోరణి సెంట్రింగ్ విప్పే తొందరలో కనిపిస్తుంది. తడి కాంక్రీటు తన బరువు తాను మోసుకొనేదాకా దాన్ని నిలిపి ఉంచే షీట్లు, పోట్ల తాత్కాలిక ఏర్పాటే సెంట్రింగ్. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గని పరిస్థితిలో, 4.5 మీటర్ల వరకు పొడవున్న స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు పోట్లు ఉంచాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది; ఆరు మీటర్లు దాటిన దూలానికైతే 21 రోజులు. అద్దె సామాను పక్క స్లాబుకు కావలసి వచ్చి రెండు రోజులు ముందుగా విప్పినా ఏమీ కాకపోతే, మరుసటి ఇంటికి ఆ తక్కువ గడువే లెక్కగా స్థిరపడుతుంది. గోతుల తవ్వకంలోనూ అంతే: మనిషి నిలబడిన చోటికి మీటరున్నర మించిన ఎత్తున మట్టి గోడ ఉంటే తగిన ఆధారం కట్టాలని 1998 నాటి కేంద్ర నిబంధనలు ఆదేశించినా, నిన్నంతా నిలిచిన మట్టి నేడు కూలదని నమ్ముతారు; ఘనపు మీటరు మట్టి సాధారణంగా టన్నున్నరకు తక్కువ తూగదు.

జాగ్రత్తగా ఉండమన్న హెచ్చరిక బోర్డులు ఈ ధీమాను తగ్గించలేవు, ఎందుకంటే రోజూ కనిపించే బోర్డు కొన్నాళ్లకు గోడలో కలిసిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1937లో పూర్తయిన గోల్డెన్ గేట్ వంతెన నిర్మాతలు మనిషి జారడం ఖాయమనుకొని కింద వల కట్టినందువల్ల 19 మంది బతికారు. పని ఆపితే ఆనాటి కూలి పోయే మనిషి నుంచి ఆపే ధైర్యాన్ని ఆశించడం న్యాయం కాదు. అందువల్ల స్లాబు పోసిన తేదీని, పోట్లు తీయవలసిన తేదీని అదే రోజున గోడమీద రాయించి, ఆ గడువు తీరేదాకా మేస్త్రి తొందరకు తలొగ్గకుండా ఉండవలసిన బాధ్యతను ఇల్లు కట్టించుకొనే ప్రతి యజమానీ స్వీకరించాలి.