పేరు పిలిచే వేళ

మా ఆలూరు సంఘములో ఒక కుటుంబమున్నది. వానలు తప్పిన ఏళ్లలో పిల్లలను అవ్వ దగ్గర విడిచి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గి పోయేవారు. వారి కుమార్తె డిగ్రీలో బంగారు పతకము తెచ్చుకున్నది. స్నాతకోత్సవానికి తల్లిదండ్రులతో మేమూ వెళ్లాము.

వెనుక వరుసలో కూర్చున్నాము. దూరానికి పిల్లలందరూ ఒకే గౌనులో ఒకేలా కనబడ్డారు. పేర్లు చదివే ఆయన ఇంగ్లీషు జాబితా చూచి ఆ పాప ఇంటిపేరును ముక్కలు చేశారు, పేరులోని 'జ్ఞ'ను 'గ్న' అన్నారు. "అయ్యగారూ, మా పాపను ఎప్పుడు పిలుస్తారు?" అని తల్లి మమ్మును అడిగేసరికి పాప పతకముతో మెట్లు దిగుచున్నది. ఆ తల్లి చప్పట్లు కొట్టనేలేదు.

చదివినవారినే తప్పు పట్టలేము. ఇంగ్లీషులో వ్రాసినప్పుడు 'ద'కూ 'డ'కూ ఒకటే అక్షరము, 'ల'కూ 'ళ'కూ ఒకటే. మనము ఇంటిపేరు ముందు వ్రాస్తాము, అమెరికాలో చివర వ్రాస్తారు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉంటే, అమెరికా వీసా మీద అసలు పేరుకు బదులు 'ఎఫ్.ఎన్.యు.' అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థము. కని పేరు పెట్టిన తల్లి ఉండగా తెలియదట!

పలుకు వ్రాసి ఇచ్చినా చాలదు. 2024 మే నెలలో ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీ నర్సింగు స్నాతకోత్సవములో ఉచ్చారణ వ్రాసిన కార్డులు చూచి చదువుతూ, 'థామస్' అన్న పేరునే 'థ-మో-మే' అన్నారు. యూనివర్సిటీ క్షమాపణ చెప్పుకున్నది. ప్రవీణ్ షాన్‌భాగ్ అనే ఆయన తన సహోదరి పేరు స్నాతకోత్సవములో తప్పు పలికినందుకు నొచ్చుకొని నేమ్‌కోచ్ అనే సంస్థ పెట్టారు. విద్యార్థి తన పేరును తన గొంతుతోనే రికార్డు చేసి పంపితే, చదివేవారు ముందుగా వింటారు. (మన సరిహద్దు గ్రామాలలో లెక్కలు వ్రాసిన శానుభోగుల పేరే షాన్‌భాగ్.)

న్యాయాధిపతులు 12వ అధ్యాయములో 'షిబ్బోలెతు' అనలేక యొర్దాను రేవులో ఎఫ్రాయిమీయులు పట్టుబడిన సంగతి మీరెరుగుదురు. అక్కడ పలకలేనివాడు నష్టపోయాడు. ఇక్కడ నష్టము పేరు గలవారిది.

డిగ్రీలో పేరు పదవ తరగతి సర్టిఫికెట్టును బట్టి, ఆ సర్టిఫికెట్టులో పేరు బడి రిజిస్టరును బట్టి వస్తుంది. రిజిస్టరులో పడిన తప్పును పరీక్ష నామినల్ రోలు పోకముందే దిద్దించుకోవాలి, తరువాత తిరుగుడు ఎక్కువ. స్నాతకోత్సవమునాడు చదివేవారికి ముందుగా పేరు వినిపించి, వారి నోట ఒకసారి పలికించుకోవడానికి పిల్లలు సిగ్గుపడకూడదు.

ఆ పాప తమ్ముడు తొమ్మిదవ తరగతికి వచ్చినప్పుడు అతని తండ్రితో మేము బడికి వెళ్లాము. ఆయనకు చదువు రాదు. రిజిస్టరు తెరవగానే కుమారుని పేరు నిదానముగా, గట్టిగా పలికాడు. హెడ్‌మాస్టరుగారు తిరిగి పలికారు. "'ద' కాదు సార్, 'డ'," అన్నాడు ఆయన.