చేయి తిరిగిన పనివారు

కర్మాగారమునకు కావలసిన యంత్రములను ధనమిచ్చి కొనవచ్చును. చేయి తిరిగిన పనివానిని అట్లు కొనుటకు వీలులేదు. యంత్రధ్వనిలోని స్వల్పభేదమును విని లోపమెచ్చటనున్నదో చెప్పగల నేర్పు ఏండ్లతరబడి పనిచేసినగాని అలవడదు. అట్టివాడు విరమించినప్పుడు ఆ నేర్పుకూడ అతనితో గడప దాటిపోవును. జననములు తగ్గి, వృద్ధుల సంఖ్య పెరుగుచున్న దేశములలో ఈ సమస్య యజమానులను కలవరపెట్టుచున్నది.

జపాను ఇందుకు చట్టమును ఆశ్రయించినది. 65 ఏండ్ల వయస్సువరకు ఉద్యోగము లభించునట్లు చూచు బాధ్యతను 2004 నాటి చట్టసవరణ క్రమక్రమముగా యజమానులపై ఉంచినది. 70 ఏండ్లవరకు అవకాశము కల్పించుటకు యజమానులు ప్రయత్నింపవలెనను నియమము 2021లో అమలునకు వచ్చినది. అయితే పనిలో ఉండనిచ్చుట వేరు, పని చేయగలుగునట్లు తోడ్పడుట వేరు.

ఈ రెండవదానికి జర్మనీలో చక్కని నిదర్శనము కలదు. బవేరియా రాష్ట్రమందలి డింగోల్ఫింగ్ పట్టణమున బి.ఎం.డబ్ల్యు. వారి మోటారుకార్ల కర్మాగారమున్నది. అచ్చటి కార్మికుల సగటు వయస్సు పదేండ్లలో 39 నుండి 47కు పెరుగునని 2007లో అంచనా కట్టిరి. ఆ భవిష్యత్తును ముందుగనే పరీక్షింపదలచి, సగటు వయస్సు 47 ఉండునట్లు పిన్నలను పెద్దలను కలిపి 42 మందిని ఒక విభాగమున నియమించిరి. ఇది పింఛనుదారుల విభాగమని కొందరు పరిహసించిరి.

అధికారులు ముందుగా, పనిలో ఎచ్చట నొప్పి కలుగుచున్నదో, ఏమి మార్చిన సుఖముగా నుండునో ఆ కార్మికులనే అడిగిరి. వారి సమాధానములనుబట్టి 70 చిన్నచిన్న మార్పులు జరిగినవి. మోకాళ్లకు శ్రమ తగ్గుటకై కొయ్యనేల పరచిరి. కూర్చుండియు పనిచేయుటకు కుర్చీలు వేసిరి. సన్నని భాగములు కానవచ్చుటకు భూతద్దములు అమర్చిరి. ఒకే కండరము అలసిపోకుండుటకై పనులను వంతులవారీగా మార్చిరి. ప్రతిదినమును కొంతసేపు వ్యాయామము చేయించిరి. కార్మికులు వెచ్చించిన కాలముతో సహా సుమారు 40,000 యూరోలు వ్యయమైనది. ఏడాది తిరుగులోపల ఆ విభాగపు ఉత్పాదకత 7 శాతము పెరిగినది, గైరుహాజరులు తగ్గినవి.

నిపుణులను నిలుపుకొనుటకు జీతమొక్కటే చాలదని దీనివలన తెలియుచున్నది. దేహమునకు తగినట్లు పనిని దిద్దవలెను. ఆ దిద్దుబాటు ఎట్టిదో పనిచేయువానినే అడుగవలెను. క్రొత్తవారిని ఆకర్షించు మార్గమును ఇదియే. ఒక వృత్తిలో చేరదలచిన యువకుడు మొదటినెల జీతమునే గాక, అందులో ముప్పదియేండ్లు గడపిన పెద్దల స్థితినికూడ గమనించును. తండ్రి నడుము వంగిపోయిన పనిలోనికి కొడుకు ఇష్టపడి రాడు. పెద్దలు ఆరోగ్యముతో, గౌరవముతో కొనసాగుచున్నచోటనే పిన్నలు వారి చెంత నిలిచి ఆ విద్యను అందుకొందురు.