విదేశీ చదువుకు ముందు జీఆర్‌ఈ: ఇంగ్లిష్ విభాగంలో ఏం అడుగుతారు?

2024 వరకు ఉన్న జగనన్న విదేశీ విద్యా దీవెన గురించి అడగడానికి రాజోలు, కొత్తపేట వైపు నుంచి వచ్చిన పిల్లలు ముందుగా ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ తీసి చూపించేవారు. అవి కావాల్సి వచ్చేవి, నిజమే. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాల్సి వచ్చేది. కానీ క్యూఎస్ సబ్జెక్టు ర్యాంకుల్లో టాప్ 50లో ఉన్న యూనివర్సిటీలో సీటు వచ్చాకే ఈ కాగితాలకు పని ఉండేది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రూ.1.25 కోట్ల వరకు ఫీజు వచ్చేది. అయితే పథకం సీటు అడిగేది, సీటిచ్చే యూనివర్సిటీల్లో చాలావరకు మంచి స్కోరు ఉన్నవాళ్లకే మొగ్గు చూపుతాయి. కోవిడ్ తర్వాత కొన్ని విభాగాలు జీఆర్‌ఈ అక్కర్లేదన్నాయి. మీరు చేరబోయే విభాగం వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

చాలామంది లెక్కలకు భయపడరు, వెర్బల్ అంటేనే వెనక్కి తగ్గుతారు. తెలుగు మీడియంలో చదివాం సార్, మా వల్ల కాదు అంటారు. ఆ భయంలో సగం అపోహే. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ పరీక్షలు మీకు ఇంగ్లిష్ వచ్చా అని చూస్తాయి. జీఆర్‌ఈ వెర్బల్ మాత్రం వాక్యంలో తర్కం పట్టుకోగలరా అని చూస్తుంది.

2023 సెప్టెంబర్ 22 నుంచి పరీక్ష చిన్నదైంది. మొత్తం 1 గంట 58 నిమిషాలు. ఇందులో వెర్బల్‌కు 27 ప్రశ్నలు: మొదటి విడత 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, రెండో విడత 15 ప్రశ్నలకు 23 నిమిషాలు. మొదటి విడత బాగా రాస్తే రెండోది కష్టంగా వస్తుంది. కంగారు పడొద్దు, అది మంచి గుర్తే. స్కోరు 130 నుంచి 170 మధ్య ఇస్తారు. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి.

ఖాళీలు పూరించే ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: "దింపు బాగా వచ్చినా రైతు ముఖం ___గా ఉంది". ఇక్కడ వెలితి అనో, దిగులు అనో రావాలని మీకు వెంటనే తెలుస్తుంది, "వచ్చినా" అన్న మాటే చెప్పేస్తోంది. ఇంగ్లిష్‌లో ఆల్‌దో, డిస్పైట్ చేసే పని అదే. ముందు ఆ మాట వెతకండి, తర్వాతే ఆప్షన్లు చూడండి. రెండు మూడు ఖాళీలుంటే అన్నీ సరిపోతేనే మార్కు. ఆరు పదాల్లో రెండు ఎంచే ప్రశ్నలో కూడా అంతే, ఒకటి తప్పితే సున్నా.

పదాల విషయంలో మోసపోయేది తెలియని మాటల దగ్గర కాదు, తెలిసిన వాటి దగ్గరే. లోన్ శాంక్షన్ అయింది అంటే మంజూరైందని మనకు తెలుసు, కానీ ఒక దేశం మీద శాంక్షన్లు అంటే ఆంక్షలు. క్వాలిఫైడ్ అంటే అర్హత ఉన్నవాడు, అదే క్వాలిఫైడ్ ప్రెయిజ్ అంటే కొంచెం తగ్గించి, షరతులు పెట్టి మెచ్చుకోవడం. టెండర్ అంటే కాంట్రాక్టరుకు ఒకటి, బొండాల బండి వాడికి ఒకటి. మూడు వేల పదాల లిస్టు బట్టీ పట్టే బదులు ఇలాంటి మాటలకు విడిగా ఓ నోటుబుక్కు పెట్టుకోండి. నేను జర్నలిజం చదివేటప్పుడు రోజూ ఒక ఇంగ్లిష్ ఎడిటోరియల్ ఇలాగే చదివేవాణ్ణి, నాకైతే అదే పనికొచ్చింది.

పాసేజీ ప్రశ్నల్లో మీ సొంత జ్ఞానం పక్కన పెట్టండి. కొబ్బరి మీద పాసేజీ వస్తే మన పిల్లలు తోటలో చూసింది రాసేస్తారు. అక్కడ రాసి ఉన్నదే జవాబు.

పరీక్ష ఫీజు రూ.20 వేలు దాటుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు ఈటీఎస్ సైట్‌లో ఉచితంగా ఉన్న రెండు పవర్‌ప్రెప్ మాక్ టెస్టులు రాసి చూసుకోండి. పరీక్షా కేంద్రాలు విజయవాడ, హైదరాబాద్ లాంటి చోట్ల ఉన్నాయి, ఇంటి నుంచి రాసే వీలూ ఉంది. స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి. అమెరికాలో చాలా యూనివర్సిటీల గడువు డిసెంబర్, జనవరిలోనే ముగుస్తుంది కాబట్టి సెప్టెంబర్‌లోపు మొదటిసారి రాసేయండి. పాస్‌పోర్టులో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించుకోండి.