గేమ్ కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?

వీడియో గేమ్‌ల మీద వ్యాసం రాస్తామంటే సంచిక పని చూస్తున్న సార్ నవ్వారు. "పోటీ పరీక్షలకు పనికొచ్చేది ఏదైనా రాయండయ్యా" అన్నారు. మా ఆరువందల రూపాయలు ఎలా పోయాయో చెప్పాక, "సరే, అదే రాయండి, తమ్ముళ్ళకు తెలియాలి" అన్నారు.

పోయిన ఏడాది ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ మా సీనియర్ అన్న ఒకాయన తన పాత గేమ్ కన్సోల్‌ను, అంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెను, మా గదికి వదిలి వెళ్ళాడు. మేము నలుగురం తలా నూటయాభై వేసుకుని సెకండ్ హ్యాండ్ షాపులో ఒక యుద్ధం ఆట డిస్కు కొన్నాం. ఒక్క గీత లేదు. ఆదివారం మెస్‌లో చికెన్ కూడా గబగబా తినేసి టీవీ ముందు చేరాం. కంపెనీ బొమ్మ వచ్చింది, సంగీతం వచ్చింది, ఆ తర్వాత 'సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదు' అని వచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్ మార్చి మార్చి పెట్టాం. ఆ సర్వర్లను కంపెనీ ఎప్పుడో మూసేసిందని రాత్రి పదకొండు గంటలకు తెలిసింది. మర్నాడు షాపతన్ని అడిగితే, "డిస్కు బాగానే ఉంది కదా తమ్ముడూ" అన్నాడు. నిజమే, డిస్కు బాగానే ఉంది.

మరి బాగున్న డిస్కు ఎందుకు ఆడదు? ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

చిన్నప్పుడు మన వీధుల్లో ఎవరో ఒకరింట్లో పసుపు రంగు 'క్యాసెట్' దూర్చే వీడియో గేమ్ ఉండేది. 999 ఆటలు అని రాసి ఉండేది, తీరా చూస్తే పదో పన్నెండో, మిగతావన్నీ అవే మళ్ళీ మళ్ళీ. జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్ళు అవి. క్యాసెట్ అని మనం పిలిచినా లోపల టేపు ఉండదు, చిప్ ఉంటుంది. ఆట మొత్తం అందులోనే ఉంటుంది. కంపెనీ మూతపడినా, ఇంటర్నెట్ లేకపోయినా అది ఆడుతుంది. మహా అయితే తీసి ఒకసారి ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం.

అదే నింటెండోలో గున్‌పేయ్ యొకోయ్ అనే ఆయన ఉండేవారు. 1965లో చేరినప్పుడు ఆయన పని పేకముక్కలు తయారుచేసే యంత్రాలకు మరమ్మతులు చూడటం. ఖాళీ సమయంలో చేసుకున్న ఒక బొమ్మ యజమాని కంటపడి, 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో బజారుకొచ్చింది. అక్కడినుంచి ఆయన బొమ్మల విభాగానికి మారారు. ఇప్పుడు ప్రతి గేమ్ కంట్రోలర్ మీదా ఎడమవైపు కనిపించే కూడిక గుర్తు లాంటి బటన్ కూడా 1982లో ఆయన బుర్రలోంచి వచ్చిందే. కొత్తగా వచ్చిన ఖరీదైన పరిజ్ఞానం వెంట పడకుండా, పాతబడి చవకైపోయిన పరిజ్ఞానాన్ని కొత్త పనికి వాడాలన్నది ఆయన పద్ధతి.

1989లో వచ్చిన గేమ్‌బాయ్ ఆ పద్ధతికి మంచి ఉదాహరణ. చేతిలో పట్టుకుని ఆడే ఆ యంత్రం తెర రంగులది కాదు, ఆకుపచ్చ మీద నాలుగు ఛాయలు, వెనక లైటు కూడా లేదు. అదే ఏడాది అటారీ కంపెనీ లింక్స్‌ను, మరుసటి ఏడాది సెగా కంపెనీ గేమ్ గేర్‌ను రంగుల తెరలతో తెచ్చాయి. పక్కపక్కన పెడితే గేమ్‌బాయ్ వెలవెలబోతుంది. కానీ గోడ గడియారంలో వేసే సైజు బ్యాటరీలు నాలుగు వేస్తే గేమ్‌బాయ్ పదిహేను గంటలకు తగ్గకుండా నడిచేది. రంగుల యంత్రాలు ఆరు బ్యాటరీలు మింగి నాలుగైదు గంటల్లో చల్లబడేవి. అమెరికాలో గేమ్‌బాయ్ సుమారు 90 డాలర్లు, లింక్స్ సుమారు 180. చివరికి గేమ్‌బాయ్, దాని తర్వాతి కలర్ మోడల్ కలిపి దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడయ్యాయి. గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడికి పై ప్లాస్టిక్ కాలిపోయిన ఒక గేమ్‌బాయ్, న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఆట నడుస్తూనే చాలా ఏళ్ళు ప్రదర్శనలో ఉంది. బ్యాటరీలు కొనడానికి ఇంట్లో ఎన్నిసార్లు అడగగలమో తెలిసిన మనిషే అలాంటి యంత్రం తయారుచేయగలడని మాకు అనిపిస్తుంది. (ఆయనకూ దెబ్బ తగిలింది. 1995లో ఆయన చేసిన వర్చువల్ బాయ్ ఎరుపు, నలుపు బొమ్మలు చూపించి, జపాన్‌లో ఏడాది కూడా నిలబడలేదు.)

బలమున్న యంత్రం మన్నికైన యంత్రం కావాలని లేదు. మైక్రోసాఫ్ట్ 2005లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అప్పటికి చాలా శక్తిమంతమైనది. కానీ వేడెక్కడం, చల్లారడం పదేపదే జరిగి లోపలి అతుకులు తెగేవి, ముందు మూడు ఎర్రలైట్లు వెలిగేవి, అంతే సంగతులు. 2007లో ఆ కంపెనీ ఈ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టవలసి వచ్చింది. ఒప్పుకుని సరిచేసింది కాబట్టి దాన్ని మరీ తిట్టబుద్ధి కాదు.

కొనేముందు రివ్యూలు చూడొచ్చు కదా అంటారు. చూడాలి, కానీ రివ్యూ రాసినవాళ్ళు దేనిమీద ఆడి రాశారో కూడా చూడాలి. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 విడుదలకు ముందు రివ్యూల కోసం ఇచ్చినవి కంప్యూటర్ కాపీలే. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. పాత కన్సోల్ ఉన్నవాళ్ళు కొని పెట్టుకుంటే అది ఆగిపోతూ, బొమ్మలు చెదిరిపోతూ నానా అవస్థ పెట్టింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచే తీసేసింది, 2021 జూన్ దాకా తిరిగి పెట్టలేదు. ఖరీదైన కంప్యూటర్ ఉన్నవాడి అభిప్రాయం మన పాత పెట్టెకు వర్తించదు. పైగా విడుదల రోజు రాసే రివ్యూ, పదేళ్ళ తర్వాత ఆ ఆట ఉంటుందో లేదో ఎలా చెబుతుంది?

ఇప్పుడు మా డిస్కు సంగతి. ఈనాటి చాలా ఆటల్లో డిస్కు తాళంచెవి లాంటిది. ఇల్లు కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. 2014లో యూబిసాఫ్ట్ విడుదల చేసిన ది క్రూ అనే కార్ల ఆట (మేము కొన్నది ఇది కాదు) ఒంటరిగా ఆడాలన్నా నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు ఉన్నవాళ్ళకూ ఆట పోయింది. గూగుల్ 2019లో మొదలుపెట్టిన స్టేడియాలో అసలు డిస్కే లేదు, ఆట అంతా నెట్‌లోంచే వచ్చేది. 2023 జనవరిలో దాన్ని మూసేసినప్పుడు గూగుల్ తన దుకాణాల్లో కొన్న ఆటల డబ్బు తిరిగిచ్చింది. అందరూ అలా ఇవ్వరు. ఉచిత ఆటల్లో మన తమ్ముళ్ళు కొనే తుపాకీ రంగులు, దుస్తులు కూడా ఈ లెక్కలోవే.

కంపెనీల మాటా వినాలి. సర్వర్ నడపాలంటే కరెంటు, మనుషులు, ఖర్చు. పదిమంది కూడా ఆడని ఆటకు ఎన్నాళ్ళు పెట్టాలి? పెట్టనక్కర్లేదు. మూసేముందు నెట్ లేకుండా ఆడుకునే ఏర్పాటు చేసి వెళ్ళమనే అడుగుతున్నాం. ది క్రూ గొడవ తర్వాత, దాని రెండో భాగానికి అలాంటి ఏర్పాటు చేస్తామని అదే కంపెనీ 2024లో ప్రకటించింది. అంటే చేయవచ్చన్నమాట. ఐరోపాలో ఈ కోరికతో పెట్టిన అర్జీ మీద సంతకాలు 2025 జులైలో పది లక్షలు దాటాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ఇలాంటి వాటికి 'కొనండి' అని రాసి అమ్మకూడదు.

మన హాస్టల్‌లో ఏ వస్తువూ ఒకరితో ఆగదు. సీనియర్ల గైడు జూనియర్లకు, వాళ్ళ బకెట్టు ఆ తర్వాతి వాళ్ళకు చేరుతుంది. కొత్తది కొనగలిగినవాడికి సర్వర్ మూసేస్తే ఒక ఆటే పోతుంది. చేతులు మారి వచ్చే వస్తువు మీదే బతికే మనకు ఆ దారే మూసుకుపోతుంది. అందుకే ఇప్పుడు మేము షాపులో గీతలు చూడటం మానేసి, నెట్ తీసేసి ఒకసారి ఆడించి చూపించమంటున్నాం. షాపతను విసుక్కుంటున్నాడు గానీ చూపిస్తున్నాడు.

ఆ యుద్ధం డిస్కు ప్రస్తుతం మెస్ వెనక బొప్పాయి చెట్టుకు వేలాడుతోంది. పిట్టలు కాస్త తగ్గాయని వంట మామ అంటున్నాడు.