చేపముక్కయు చంటిబిడ్డయు

చేపల పులుసు వండిన దినమున నడిముక్కలు మగవారి కంచములలోనికి పోవుటయు, వండిన కోడలికి తుదకు పులుసు మాత్రమే మిగులుటయు పెక్కిండ్లలో మనమెఱిగిన సంగతియే. ఆమె గర్భిణియో బాలింతయో యైనచో ఈ పంపకమువలన నష్టపడువా రిద్దఱని మేము మనవిచేయుచున్నాము.

శీలావతి, బొచ్చె మొదలగు మంచినీటి చేపల కండలో క్రొవ్వు తక్కువ. నూఱు గ్రాములకు సాధారణముగా రెండు మూడు గ్రాములుండును. కాని క్రొవ్వు కొలతకంటె దాని కూర్పు ముఖ్యము. క్రొవ్వులయందు పలువిధములగు ఆమ్లములు కలవు. వానిలో లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అను రెంటిని మన శరీరము తయారుచేసికొనజాలదు, ఆహారమువలననే పొందవలెను. క్రొవ్వు బొత్తిగా లేని మేత తిన్న యెలుకలు జబ్బుపడుటను అమెరికాలో బర్ దంపతులు 1929లో వెల్లడించిన పిదపనే ఇట్టి యామ్లముల యావశ్యకత లోకమునకు తెలిసినది.

రెండవదానినుండి పుట్టు డి.హెచ్.ఏ. అను ఆమ్లము శిశువు మెదడునకును, కంటిలోని రెటీనా పొరకును నిర్మాణద్రవ్యము. మన శరీరము దానిని మిక్కిలి స్వల్పముగనే చేయగలదు. మంచినీటి చేపలలో పెక్కింటికి ఆ నేర్పు మనకంటె హెచ్చు.

అయినను చేప తిన్న మేతయే దాని కండలో కనబడును. నీటిలోని పాచిని, సూక్ష్మప్రాణులను తిను చేపకు ఒమేగా-3 జాతి ఆమ్లములు సహజముగా లభించును. కొల్లేటి ప్రాంతపు చెఱువులలోవలె తవుడును, చెక్కయు మేపిన చేపలలో లినోలిక్ జాతి పెరుగును. తల్లిపాల సంగతియు నిట్టిదే. తల్లి తిన్నదానినిబట్టి పాలలోని డి.హెచ్.ఏ. హెచ్చుతగ్గులగును. గర్భిణులకును బాలింతలకును దినమునకు కనీసము 200 మిల్లీగ్రాములు కావలెనని 2008లో సమావేశమైన ప్రపంచ ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్ణయించిరి. ఒక్క ముక్కతో నిది తీరునని కాదు; తఱచుగా తినుచుండిన కొంతకు కొంత సమకూరును.

వేపుడుకంటె పులుసు మేలు. క్రొవ్వు తక్కువగల చేపను నూనెలో మునుగ వేయించినచో అది నూనెను పీల్చుకొనును. కండలోని కూర్పు మూకుడులోని నూనె కూర్పును పోలును. పులుసులోనికి కొంత సారము దిగినను ఎక్కువభాగము ముక్కలోనే నిలుచును.

కావున, అత్తలైన సోదరీమణులారా! మొదటి నడిముక్కను కోడలి కంచములో వడ్డింపుడు. అది మీ మనుమని కన్నులకు చేరును.