తనను తాను మాన్పుకునే ఉక్కు

వంటింటి సింక్‌లో ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా గాలి తగలగానే ఆక్సైడ్‌గా మారడం మొదలుపెడుతుంది. కాకపోతే ఆ మార్పు కంటికి ఆనదు. రెండు మూడు నానోమీటర్ల పొరగా లోహాన్ని కరుచుకుని ఆగిపోతుంది. తలవెంట్రుక మందంలో అది పదివేల వంతు కూడా ఉండదు. వంటిల్లు బాగుచేయించుకునేటప్పుడు కొనే సింక్ ఎంతకాలం నిలుస్తుందన్నది చాలావరకు ఈ పొర గట్టితనం మీదే ఆధారపడుతుంది.

మామూలు ఇనుము తుప్పు ఇలా ఆగదు. అది అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, పెచ్చులుగా రాలుతుంది. రాలినచోట కొత్త ఇనుము బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. వానలో వదిలేసిన కొడవలి అరిగిపోయేది అందుకే. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే పరిస్థితి మారుతుంది. ఇనుము కన్నా క్రోమియం ఆక్సిజన్‌తో తేలిగ్గా కలుస్తుంది. అలా పుట్టిన క్రోమియం ఆక్సైడ్ దట్టంగా, సందు లేకుండా అల్లుకుంటుంది. ఆక్సిజన్‌ను లోపలికి పోనివ్వదు కాబట్టి తన పెరుగుదలను తానే ఆపుకుంటుంది. ఇడ్లీపాత్ర అంచు గీసుకుని పొర తెగినా, గాలి తగిలితే చాలు, అడుగునున్న క్రోమియం ఆ గాయాన్ని వెంటనే పూడ్చేస్తుంది. రంగు వేసిన ఇనుముకు ఈ శక్తి లేదు. రంగు లేచిపోయిన చోట మళ్లీ రంగు వేయాల్సిందే.

ఈ ఉక్కు రెండు దేశాల్లో దాదాపు ఒకేసారి పుట్టింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా చూసే పనిలో ఉండి, 1913లో 12.8 శాతం క్రోమియం ఉన్న ఉక్కు పోత పోయించాడు. మైక్రోస్కోపు కింద చూడాలంటే ఉక్కు ముక్కను ముందు ఆమ్లంతో కొరికించాలి. ఈ ముక్కను ఆమ్లం సరిగా కొరకలేదు. వినెగర్, నిమ్మరసం కూడా దాన్ని ఏమీ చేయలేకపోయాయి. దీంతో భోజనబల్ల మీది కత్తులు చేయవచ్చని అతనికి తోచింది. ‘స్టెయిన్‌లెస్’ అనే పేరు పెట్టింది అదే ఊళ్లో కత్తుల తయారీలో ఉన్న ఎర్నెస్ట్ స్టువర్ట్. బ్రేర్లీ పోతకు ఏడాది ముందే, 1912లో, జర్మనీలోని క్రుప్ సంస్థలో స్ట్రాస్, మౌరర్ క్రోమియంతోపాటు నికెల్ కూడా కలిపిన ఉక్కుకు పేటెంటు కోరారు.

ఈ రెండు ఉక్కులకూ గుణంలో తేడా ఉంది. బ్రేర్లీ ఉక్కును కాల్చి చల్లారిస్తే గట్టిపడి పదును నిలుపుకుంటుంది, కాబట్టి అది కత్తులకు సరిపోయింది. నికెల్ కలిసిన ఉక్కులో పరమాణువుల అమరిక వేరు. రేకును అచ్చులో పెట్టి లోతుగా నొక్కితే చిరగకుండా సాగుతుంది. అతుకు లేని తొట్టి అలాగే తయారవుతుంది. అందుచేత సింక్ క్రుప్ వంశానికి చెందినది. 1924లో షెఫీల్డ్‌లోనే హాట్‌ఫీల్డ్ అనే లోహశాస్త్రవేత్త 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ పాళ్లు స్థిరపరిచాడు. ఇవాళ దుకాణాల్లో 304 అని అమ్మే రకం దాదాపు అదే.

ఉక్కును కాపాడే ఆ ఆక్సైడ్ పొరకు బద్ధశత్రువు క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేదే. గుంటూరు సీమలో పండుమిరప కోతల కాలంలో కొరివికారం నూరిన రోజు సింక్‌లో దీన్ని దగ్గరగా చూడవచ్చు. మిరప ఘాటు వల్ల ఉక్కుకు ఏమీ కాదు. పచ్చడిలోని ఉప్పు, చింతపండు పులుపు కలిసి తడిగా రాత్రంతా ఒకేచోట నిలిచిపోతే పొరలోని బలహీనమైన చుక్కను క్లోరైడ్ ఛేదిస్తుంది. ఆ సూదిమొన గుంట లోపలికి ఆక్సిజన్ అందదు కాబట్టి పొర తిరిగి కట్టదు. లోపల ఆమ్లం పెరిగి గుంట తనంతట తానే లోతవుతుంది. తెల్లారి కనిపించే గోధుమరంగు చుక్క అదే. ప్రకాశం జిల్లాలోనూ బాపట్ల తీరంలోనూ బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. బాత్‌రూమ్ యాసిడ్‌తో సింక్ తోమడం మరీ హాని, ఎందుకంటే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఇనుప పీచు వదిలిన రజను కూడా తుప్పు పట్టి, సింకే తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది.

కొనేటప్పుడు చాలామంది అయస్కాంతం పెట్టి చూస్తారు. ఆ పరీక్ష చాలదు. నికెల్‌కు బదులు మాంగనీస్ ఎక్కువగా వాడిన 200 శ్రేణి చవక ఉక్కు కూడా అయస్కాంతానికి అంటదు, కానీ ఉప్పును అంతగా తట్టుకోదు. మరోవైపు అసలైన 304 సింక్ కూడా లోతుగా వంగిన మూలల్లో కొద్దిగా అంటవచ్చు. నొక్కుడుకు అక్కడి పరమాణువుల అమరిక మారడమే కారణం. అందుకే 304 ముద్ర, బిల్లులో అదే మాట రెండూ చూడాలి. రేకు మందం 1 మిల్లీమీటరు ఉంటే సొట్టలు తక్కువ. అద్దంలా మెరిసే రకం మీద ప్రతి గీతా కనబడుతుంది. సన్నటి చారల మ్యాట్ రకం మీద అవి కలిసిపోతాయి.

సింక్ చుట్టూ గట్టుకు రాయి కోసం ప్రకాశం జిల్లాలో వెతుక్కోవాల్సిన పని లేదు. బంగారు చుక్కల నల్లరాయి గెలాక్సీ చీమకుర్తిదే. గ్రానైట్ పేరుతో అమ్ముడవుతున్నా భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్యాబ్రో జాతి రాయి. ఆ మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజానివి. నిమ్మరసం పడితే పాలరాయి మచ్చపడుతుంది, ఈ రాయి అంత తేలిగ్గా లొంగదు.

ఇక అల్మరాలు. వడ్రంగులు ‘సన్‌మైకా’ అనే పలకలో మైకా లేదు. అది రెజిన్‌లో నానబెట్టిన కాగితాలను వేడిమీద గట్టిగా నొక్కి చేసిన పలక. మైకా అంటే అభ్రకం, విద్యుత్తును అడ్డుకునే ఖనిజం. ప్రకాశానికి దక్షిణాన గూడూరు గనుల అభ్రకం ఆ పని కోసమే విదేశాలకు వెళ్లేది. 1912లో అమెరికాలో ఓకానర్, ఫేబర్ అభ్రకానికి బదులుగా ఈ పలకను తయారుచేసి, ‘మైకాకు బదులు’ అనే అర్థంలో ఫార్మైకా అన్నారు. తర్వాత అది వంటింట్లోకి వచ్చింది. కారం నూనె ఎరుపు, పసుపు మరక తెల్లని మ్యాట్ పలకల మీద నిలిచిపోతాయి. పొయ్యి పక్కన ముదురు రంగు, నునుపైన పలక మేలు. సింక్ కింది అరకు ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడి, కోసిన అంచులన్నీ మూయించాలి. నీరు లోపలికి దిగేది అంచుల్లోంచే.

ఎంత మంచి ఉక్కు కొన్నా దాని పొరకు గాలి కావాలి. రాత్రి అంట్లు తోమాక సింక్‌ను మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు, మిగతా పని క్రోమియం చూసుకుంటుంది.